అరవైల నాటి డ్రమ్ నాదం మళ్లీ పలకాలంటే

1966 ఏప్రిల్ 6వ తేదీ రాత్రి. లండన్‌లోని అబీ రోడ్‌లో ఉన్న ఈఎంఐ స్టూడియోలో బీటిల్స్ బృందం కొత్త ఆల్బమ్‌కు ధ్వనిముద్రణ ప్రారంభించింది. బీటిల్స్‌కు ఇంజినీరు స్థానంలో తొలిసారి కూర్చున్న జెఫ్ ఎమెరిక్ వయసు అప్పటికి 20 ఏళ్లే. ఆ రాత్రి ఆయన చేతికి వచ్చిన పాట ‘టుమారో నెవర్ నోస్’. డ్రమ్మర్ రింగో స్టార్ కాలితో మోగించే బేస్ డ్రమ్‌కు మైకు కనీసం రెండడుగుల దూరంలో ఉండాలన్నది ఆ సంస్థ నిబంధన. డ్రమ్ నుంచి ఎగదన్నే గాలి తాకిడికి ఖరీదైన మైకు పాడవుతుందని అధికారుల భయం. ఎమెరిక్ ఆ నిబంధనను పక్కనబెట్టి మైకును డ్రమ్‌కు అతి చేరువకు జరిపారు. దెబ్బ పడిన తర్వాత మోత సాగిపోకుండా, అందుబాటులో ఉన్న ఒక ఉన్ని స్వెటర్‌ను డ్రమ్ లోపల కూరారు. నాలుగు మెడలతో అల్లిన ఆ వింత స్వెటర్ బీటిల్స్ సభ్యులు నలుగురూ కలిసి ఫొటోలు దిగడానికి తయారైనది. ఆపై ఆ శబ్దాన్ని ఫెయిర్‌చైల్డ్ 660 అనే వాక్యూమ్ ట్యూబుల లిమిటర్ గుండా పంపి గట్టిగా అణిచారు.

ఫలితం ఏమిటో ‘రివాల్వర్’ ఆల్బమ్ చివరి పాట విన్నవారికి తెలుసు. డ్రమ్స్ అప్పటిదాకా పాటకు వెనుక నిలిచిన లయ మాత్రమే. ఈ పాటలో అవి శ్రోత ఛాతీ మీద మోగినట్లుంటాయి.

అరవై ఏళ్లు గడిచినా ఆ నాదాన్ని తిరిగి రాబట్టాలన్న తపన సంగీత ప్రపంచంలో తగ్గలేదు. అదే కాలపు లుడ్విగ్ డ్రమ్ సెట్లు వేలంలో కొంటున్నారు. ఫెయిర్‌చైల్డ్ యంత్రాన్ని అచ్చుగుద్దినట్లు అనుకరించే సాఫ్ట్‌వేర్ నేడు ఏ ల్యాప్‌టాప్‌లోనైనా పనిచేస్తుంది. అబీ రోడ్ స్టూడియోలోనే పాత డ్రమ్స్‌ను పాత పరికరాలతో ముద్రించి, ఒక్కొక్క దెబ్బను విడివిడిగా అమ్మే డిజిటల్ భాండాగారాలూ ఉన్నాయి. ఇన్ని ఉన్నా, అవన్నీ కొనుక్కున్న వారిలో అధికులకు ఆ నాదం చిక్కదు. అందుకు కారణం తెలియాలంటే దెబ్బ పడిన చోటు నుంచి టేపు మీద అచ్చయ్యే వరకు శబ్దం చేసిన ప్రయాణాన్ని మొదటి నుంచి గమనించాలి.

చర్మం, ప్లాస్టిక్, తువ్వాలు

తెలుగునాట డప్పు కళాకారులు వాయించే ముందు డప్పును మంట సెగకు చూపడం అందరూ ఎరిగినదే. చర్మం గాలిలోని తేమను పీల్చుకుని వదులవుతుంది, వేడికి ఆరి బిగుస్తుంది. పాశ్చాత్య డ్రమ్మర్లకూ ఒకప్పుడు ఇదే అవస్థ. 1950ల మధ్య వరకు వారి డ్రమ్స్‌కు దూడ చర్మమే కప్పేవారు. వాన పడితే శ్రుతి దిగేది, స్టూడియో దీపాల వేడికి పెరిగేది. 1956లో చిక్ ఎవాన్స్, 1957లో రెమో బెల్లీ పాలియెస్టర్ పొరతో చేసిన ముఖాలను విపణిలోకి తెచ్చారు. బెల్లీ తన సరుకుకు పెట్టిన ‘వెదర్ కింగ్’ అనే పేరే డ్రమ్మర్ల ప్రధాన శత్రువు ఎవరో చెప్పకనే చెబుతుంది.

ప్లాస్టిక్ వాతావరణానికి లొంగలేదు. అయితే చర్మం కంటే ఎక్కువసేపు, ఎక్కువ పదునుగా మోగడం దాని స్వభావం. ఇక్కడే ఒక భౌతికశాస్త్ర చిక్కు ఎదురవుతుంది. తీగను మీటితే వెలువడే ఉపస్వరాలు మూల స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా చక్కగా అమరుతాయి. గుండ్రటి పొరను కొడితే అలా జరగదు. దాని కంపనాల నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30 అన్నట్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. అందుకే సాధారణమైన డ్రమ్‌లో స్పష్టమైన స్వరం కంటే మోత ఎక్కువ.

భారతీయ వాద్యకారులు ఈ చిక్కును శతాబ్దాల కిందటే తమదైన పద్ధతిలో విడదీశారు. మృదంగం, తబలాల ముఖం నడుమ పొరలుపొరలుగా అద్దే నల్లటి పూత ఉపస్వరాలను దారిలోకి తెస్తుందని సర్ సి.వి. రామన్ ఎస్. కుమార్‌తో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. 1930లలో ఆయన ఈ అంశంపై మరింత విస్తృతమైన పరిశోధనా పత్రం ప్రచురించారు. మన వాద్యాల్లో పూత ద్వారా ఉపస్వరాలను సరిదిద్దుతారు. రాక్ డ్రమ్మర్లు వాటిని సరిదిద్దే ప్రయత్నం చేయకుండా నోరు నొక్కేశారు. ఎమెరిక్ కూరిన స్వెటర్ అలాంటిదే. 1960ల చివరి నాటికి రింగో స్నేర్, టామ్ డ్రమ్స్ మీద వంటింట్లో గిన్నెలు తుడిచే తువ్వాళ్లు పరిచి వాయించడం మొదలుపెట్టారు. 1969 నాటి ‘కమ్ టుగెదర్’ పాటలో టామ్‌ల మీద బొద్దుగా, పొడిగా దొర్లే దెబ్బల వెనుక ఉన్నది ఈ గుడ్డ ముక్కలే. అదే ఏడాది ‘అబీ రోడ్’ ఆల్బమ్‌కు తాను దూడ చర్మం బిగించిన కొత్త డ్రమ్ సెట్ వాడానని, దాని నాదం నచ్చి టామ్‌లను విరివిగా మోగించానని రింగో పలుమార్లు చెప్పారు.

తువ్వాలుకు ఖరీదు లేదు. అందువల్లనే కాబోలు, దానిని చివరికి గాని ఎవరూ ప్రయత్నించరు. పాత నాదం కోసం లక్షలు వెచ్చించి యంత్రాలు కొన్నవారు డ్రమ్ ముఖాన్ని మాత్రం నేటి పద్ధతిలో గట్టిగా బిగించి, గంటలా మోగనిచ్చి, తర్వాత కంప్యూటర్‌లో ఆ మోతను కోసే పనిలో పడుతుంటారు. వాద్యం దగ్గర సరిచేయవలసిన దానిని యంత్రం దగ్గర సరిచేయబోవడం వృథా శ్రమ.

మిక్సింగ్ జరిగింది డ్రమ్మర్ చేతుల్లోనే

నేటి స్టూడియోలో ఒక డ్రమ్ సెట్‌కు పది, పన్నెండు మైకులు అమర్చడం మామూలే. స్నేర్‌కు పైనొకటి, కిందొకటి, ప్రతి టామ్‌కు ఒకటి, తాళాలకు రెండు, గదికి మరో రెండు. తర్వాత ప్రతిదాని స్థాయినీ తీరిగ్గా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బీటిల్స్ తొలినాటి రికార్డింగులలో డ్రమ్స్‌కు ఉన్నవి సాధారణంగా రెండు మైకులు. ఒకటి డ్రమ్మర్ తలపైన, మరొకటి బేస్ డ్రమ్ ముందు. తర్వాతి ఏళ్లలో స్నేర్ దగ్గర ఇంకొకటి చేరింది.

ఒకే మైకు డ్రమ్ సెట్ మొత్తాన్నీ వింటున్నప్పుడు తాళం ఎంత వినపడాలి, స్నేర్ ఎంత వినపడాలి అన్నది ఇంజినీరు చేతిలో ఉండదు. ఎడమ చేయి ఎంత బలంగా పడింది, కుడి చేయి తాళాన్ని ఎంత సున్నితంగా తాకింది అన్నదే అక్కడ కొలమానం. ఒక్కమాటలో, మిక్సింగ్ అంతా వాయించే క్షణంలోనే, డ్రమ్మర్ చేతుల్లోనే పూర్తయ్యేది. నేటి రాక్ డ్రమ్మర్ తాళాలను బలంగా బాదడానికి అలవాటుపడ్డాడు. వేదికపై హోరులో అది తప్పదు. అతడిని పాత పద్ధతిలో ఒకే మైకు కింద కూర్చోబెడితే తాళాల రొద మిగతా డ్రమ్స్‌ను మింగేస్తుంది. అప్పుడు నేరం మైకు మీద పడుతుంది. మైకు చేసిన నేరమేమీ లేదు.

రింగో విషయంలో మరొక విశేషం ఉంది. ఆయన ఎడమచేతి వాటం మనిషి. కుడిచేతి వాటానికి అమర్చిన డ్రమ్ సెట్ మీద వాయించేవారు. ఒక డ్రమ్ నుంచి మరో డ్రమ్‌కు పరుగెత్తేటప్పుడు ఆయన చేతులు ఇతరుల చేతులు కదిలే క్రమంలో కదలవు. ఆ తడబాటులోంచే ఆయన ముద్ర పుట్టింది. ఆయన దెబ్బలను ఒక్కొక్కటిగా నమూనాలు తీసి భాండాగారంలో భద్రపరచవచ్చు. ఒక దెబ్బకూ మరో దెబ్బకూ నడుమ ఉన్న ఆ చిన్న ఆలస్యాన్ని సీసాలో పట్టడం కష్టం.

తక్కువ మైకుల పద్ధతుల్లో నేటికీ విరివిగా వాడుకలో ఉన్నది గ్లిన్ జాన్స్ పేరిట ప్రసిద్ధమైనది. రోలింగ్ స్టోన్స్, ద హూ, లెడ్ జెపెలిన్ వంటి బృందాలకు పనిచేసిన ఈ బ్రిటిష్ ఇంజినీరు 1968లో లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్ ముద్రిస్తున్నప్పుడు ఇది యాదృచ్ఛికంగా తటస్థించిందని తర్వాత వెల్లడించారు. రెండు మైకులలో ఒకటి స్నేర్‌కు సూటిగా పైన, సుమారు మీటరు ఎత్తున ఉంటుంది. రెండవది డ్రమ్మర్ కుడి పక్కన నేల మీద నిలిచే ఫ్లోర్ టామ్‌కు ఆవల నుంచి స్నేర్ వైపు చూస్తుంది. మూడవది బేస్ డ్రమ్ దగ్గర, అవసరమైతే నాలుగవది స్నేర్ పక్కన.

ఇందులో కీలకం ఒక్కటే. మొదటి రెండు మైకులూ స్నేర్ నడిబొడ్డు నుంచి సరిగ్గా సమాన దూరంలో ఉండాలి. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 34 సెంటీమీటర్ల తేడా ఉన్నా ఒక మైకుకు శబ్దం మరోదాని కంటే మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. చెవికి ఆ ఆలస్యం విడిగా తెలియదు. అయితే ఆ రెండింటినీ కలిపినప్పుడు ఒక తరంగపు శిఖరం మరోదాని లోయలో పడి, కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. స్నేర్ గుల్లగా, పలుచగా మారిపోతుంది. చాలామంది ఇంజినీర్లు స్నేర్ మధ్య నుంచి ఒక తాడు పట్టి రెండు మైకులకూ దూరం కొలుస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకైన పరికరం ఆ తాడు, తువ్వాలు తర్వాత.

గది పాడిన పాట

పాత నాదంలో సగం గది ఇచ్చినదే. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో క్లోవిస్ అనే చిన్న ఊరిలో నార్మన్ పెటీ స్టూడియో ఉండేది. 1957లో బడ్డీ హాలీ ‘పెగీ స్యూ’ పాట అక్కడ ముద్రించారు. డ్రమ్మర్ జెర్రీ ఆలిసన్ విరామం లేకుండా దొర్లించే దెబ్బల హోరు మిగతా వాద్యాల మైకుల్లోకి చొరబడుతుండటంతో ఆయనను పక్క గదిలోకి మార్చారు. ఆ డ్రమ్స్‌కు ప్రతిధ్వని గదిని వెంటవెంటనే కలుపుతూ, తీసేస్తూ పెటీ ఒక అల వంటి కదలిక తెచ్చారు. అదే స్టూడియోలో ‘ఎవ్రీడే’ పాటకు ఆలిసన్ డ్రమ్స్ వాయించనే లేదు. తన మోకాళ్లపై అరచేతులతో చరిచారు. ‘నాట్ ఫేడ్ అవే’ పాటలో వినిపించేది అట్టపెట్టె.

లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోది మరో కథ. 1963లో రోనెట్స్ బృందం పాడిన ‘బీ మై బేబీ’ తొలి నాలుగు దెబ్బలను తర్వాతి తరాల డ్రమ్మర్లు ఎన్నిసార్లు అనుకరించారో లెక్కలేదు. వాయించినది హాల్ బ్లేన్. రెండో దెబ్బ స్నేర్ మీద కూడా పడవలసి ఉండగా తాను పొరపాటున తప్పించానని, తర్వాత అదే తప్పును పాటంతా కొనసాగించానని ఆయన చెప్పుకొన్నారు. ఆ డ్రమ్స్ వెనుక కమ్ముకునే మేఘం వంటి ప్రతిధ్వని, ఆ స్టూడియోలో సిమెంటు పూత గోడలతో కట్టిన ప్రత్యేకమైన గదుల నుంచి వచ్చింది. పాటను ఒక స్పీకరు ద్వారా ఆ ఖాళీ గదిలో వినిపించి, అక్కడి మైకు ద్వారా తిరిగి పట్టి అసలు పాటకు కలిపేవారు. 1984లో గోల్డ్ స్టార్ మూతపడింది. ఆ గదులు నేడు లేవు.

ఉన్న గదులను భద్రపరచే విద్య మాత్రం ఇటీవలి దశాబ్దాల్లో బాగా వృద్ధి చెందింది. గదిలో అతి తక్కువ స్థాయి నుంచి అతి హెచ్చు స్థాయి వరకు పాకే ఒక స్వరాన్ని వినిపించి, గోడలు దానికి ఇచ్చే జవాబును ముద్రిస్తారు. ఆ జవాబును గణితపరంగా ఏ శబ్దానికైనా అన్వయించవచ్చు. హైదరాబాద్‌లో ఇంటి గదిలో వాయించిన స్నేర్ లండన్‌లోని హాలులో మోగినట్లు వినిపిస్తుంది. అయితే ముందే కూల్చేసిన గదికి జవాబు చెప్పే నోరు ఉండదు. అబీ రోడ్ భవనాన్ని 2010లో బ్రిటన్ రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ స్టూడియో చేతులు మారవచ్చన్న ఆందోళన అప్పట్లో వ్యక్తమైంది. కట్టడానికి రక్షణ అంటే సాధారణంగా గోడల అందానికి రక్షణ. ఇక్కడ రక్షణ పొందినది గోడల మధ్య గాలి కూడా.

గది ప్రభావానికి పతాకస్థాయి ఉదాహరణగా రాక్ అభిమానులు చూపేది లెడ్ జెపెలిన్ 1971 ఆల్బమ్‌లోని ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. 1927 నాటి మిసిసిపీ మహా వరదలపై కాన్సాస్ జో మెకాయ్, మెంఫిస్ మిన్నీ 1929లో ముద్రించిన బ్లూస్ పాట దీనికి మూలం. లెడ్ జెపెలిన్ దానిని స్టూడియోలో ముద్రించలేదు. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనాన్ని అద్దెకు తీసుకున్నారు. 1795లో పేదల ఆశ్రమంగా కట్టిన ఆ భవనం బయట రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన సంచార స్టూడియో లారీ నిలబడింది. డ్రమ్మర్ జాన్ బోనమ్ తన డ్రమ్ సెట్‌తో మెట్ల హాలు అడుగున కూర్చున్నారు. ఇంజినీరు ఆండీ జాన్స్, అంటే గ్లిన్ జాన్స్ తమ్ముడు, రెండు బేయర్‌డైనమిక్ ఎం160 రిబ్బన్ మైకులను పై అంతస్తు మెట్ల దగ్గర నుంచి వేలాడదీశారు. బేస్ డ్రమ్‌కు విడిగా మైకు పెట్టలేదు.

విడిగా మైకు లేకపోయినా ఆ బేస్ డ్రమ్ పునాదులు కదిలించేలా వినిపిస్తుంది. అందుకు ఒక కారణం బోనమ్ పాదం. రెండవది 26 అంగుళాల వ్యాసం గల ఆయన బేస్ డ్రమ్. రింగో తువ్వాళ్లకు పూర్తి విరుద్ధంగా బోనమ్ తన డ్రమ్స్‌ను బిగించి, ఎత్తయిన శ్రుతిలో, స్వేచ్ఛగా మోగనిచ్చేవారు. అంత ఎత్తు నుంచి వినే మైకుకు డ్రమ్‌తోపాటు మెట్లు, గోడలు, పైకప్పు అన్నీ వినిపించాయి. ఆ మోతకు గిటారిస్టు జిమ్మీ పేజ్ వద్దనున్న బిన్సన్ ఎకోరెక్ అనే ఇటాలియన్ యంత్రం ద్వారా ప్రతిధ్వని జోడించారు. లిమిటర్‌తో గట్టిగా అణిచారు. ఆపై టేపును కొంత నెమ్మదింపజేశారు. టేపు నెమ్మదిస్తే లయతోపాటు శ్రుతీ దిగుతుంది. డ్రమ్ సెట్ ఉన్నదానికంటే పెద్దదైనట్లు, వాయించే మనిషి ఏనుగంత బరువున్నట్లు అనిపిస్తుంది. ఈ పాటను అనుకరించబోయే వారు తరచూ తప్పేది ఇక్కడే. వారు పాట వినిపించే వేగంలోనే వాయిస్తారు. ముద్రించేటప్పుడు కొంత వేగంగా వాయించి, తర్వాత టేపును నెమ్మదిగా నడిపితే తప్ప ఆ బరువు రాదు.

అణిచివేతలో పుట్టిన రంగు

లిమిటర్ అన్న మాట పదేపదే వచ్చింది గనుక దాని పని తెలుసుకోవాలి. పెద్ద శబ్దం వచ్చిన వెంటనే స్థాయిని తగ్గించి, శబ్దం చిన్నదైనప్పుడు తిరిగి వదిలే యంత్రమది. డిస్కుపై సూది గాడి దాటి ఎగరకుండా, ప్రసార కేంద్రాల పరికరాలు దెబ్బతినకుండా చూడటం దాని అసలు ఉద్యోగం. రక్షణ కోసం పుట్టిన యంత్రాన్ని రాక్ ఇంజినీర్లు రంగు కోసం వాడుకున్నారు. దెబ్బ మొదటి పదును తగ్గి, దాని వెనుక ఉన్న గది మోత, తాళాల సవ్వడి ముందుకు ఉబికి వస్తాయి. డ్రమ్స్ ఊపిరి పీల్చి వదులుతున్నట్లు ఉంటుంది. ఎస్టోనియా నుంచి అమెరికాకు వలస వెళ్లిన రెయిన్ నార్మా రూపొందించిన ఫెయిర్‌చైల్డ్ యంత్రానికి ఈ గుణం మెండు. దాని స్టీరియో రూపమైన 670లో 20 ట్యూబులుండేవి. బరువు సుమారు 30 కిలోలు.

టేపుదీ ఇదే తీరు. అయస్కాంత పూత ఒక హద్దు దాటిన శబ్దాన్ని పూర్తిగా స్వీకరించలేదు. దెబ్బ కొసలను గుండ్రంగా నొక్కేస్తుంది. డిజిటల్ ముద్రణలో హద్దు దాటితే శబ్దం కరకుగా తెగుతుంది, టేపులో మెత్తగా వంగుతుంది. అందుకే నేటికీ కొందరు ఇంజినీర్లు డ్రమ్స్‌ను మాత్రం టేపుపై ముద్రించి తర్వాత కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటారు. అమెరికాలో, ఫ్రాన్స్‌లో స్టూడియో టేపు తయారీ ఇంకా సాగుతోంది.

అయితే టేపు ఇచ్చిన అసలు క్రమశిక్షణ రంగుకు సంబంధించినది కాదు. అది చోటుకు సంబంధించినది. 1963 అక్టోబరు నుంచి బీటిల్స్‌కు అందుబాటులో ఉన్నది నాలుగు ట్రాకుల యంత్రం. డ్రమ్స్‌కు ఒక ట్రాకు ఇస్తే గొప్ప. ‘రివాల్వర్’లోని ‘టాక్స్‌మన్’ పాటలో డ్రమ్స్, బేస్ గిటార్, రిథమ్ గిటార్ మూడూ ఒకే ట్రాకులో కలిసిపోయి ఉన్నాయి. అంటే ఆ మూడింటి మధ్య పాలెంత, నీళ్లెంత అన్నది ఆ రోజే, ఆ గంటలోనే తేల్చుకోవాలి. తర్వాత విడదీయడం సాధ్యం కాదు. నిర్ణయాన్ని వాయిదా వేసుకునే వెసులుబాటు లేదు కాబట్టే వాద్యం, మైకు, శ్రుతి, వాయించే తీరు అన్నీ ముద్రణకు ముందే కుదుర్చుకున్నారు. నేటి ఇంజినీరుకు ట్రాకులకు కొదవ లేదు. నిర్ణయాన్ని చివరి రోజు దాకా వాయిదా వేయవచ్చు. పాత నాదం కోరేవారికి ఈ సౌకర్యమే మొదటి ప్రతిబంధకం. కొందరు నిపుణులు కావాలనే డ్రమ్స్ మొత్తాన్ని ఒకే ట్రాకులో ముద్రించి, విడి మైకుల ముద్రణను ఉంచుకోకుండా ముందుకు సాగుతారు. ధైర్యం కావలసిన పనే గాని, కొన్న యంత్రాలన్నింటికంటే ఎక్కువ మేలు చేసేది ఇదే.

ఈ పాత పద్ధతులు మన వాద్యానికీ ఒక మేలు చేశాయి. ‘టుమారో నెవర్ నోస్’ ముద్రించిన కొద్ది రోజులకే అదే స్టూడియోలో జార్జ్ హారిసన్ ‘లవ్ యూ టూ’ పాట ముద్రించారు. తబలా వాయించినది లండన్‌లో ఉన్న అనిల్ భగవత్. ఎమెరిక్ తబలాకూ మైకును అతి చేరువగా పెట్టి, లిమిటర్‌తో అణిచి ముద్రించారు. బాయాన్ గుమికి, చేతివేళ్ల తాకిడి కూడా వినిపిస్తాయి. బయటి కళాకారుల పేర్లు అట్టపై వేయడం అరుదైన ఆ రోజుల్లో భగవత్ పేరు ఆల్బమ్ అట్టపై అచ్చయింది.

విడదీసే యంత్రం, విడిపోయిన హక్కు

విడదీయడం అసాధ్యమన్న మాట ఇటీవలి దాకా నిజం. దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీ కోసం అభివృద్ధి చేసిన యంత్ర అభ్యసన విధానం ఒకే ట్రాకులో కలిసిన వాద్యాలను వేరు చేయగలిగింది. దాని సాయంతో 2022 అక్టోబరులో గైల్స్ మార్టిన్ ‘రివాల్వర్’ను కొత్తగా మిక్స్ చేశారు. 1966లో కలిసిన డ్రమ్స్, బేస్, గిటార్ 56 ఏళ్ల తర్వాత విడివడ్డాయి. బేస్ డ్రమ్‌ను స్నేర్ నుంచి కూడా వేరు చేయడం ఇప్పుడు సాధ్యమే.

అంటే పాత డ్రమ్ నాదాన్ని అనుకరించడం అనవసరమని, నేరుగా పాత రికార్డు నుంచే తోడుకోవచ్చని అనిపించవచ్చు. ఇక్కడ చట్టం అడ్డువస్తుంది. రికార్డులోని శబ్దాన్ని యథాతథంగా తీసి వాడుకుంటే ఆ ధ్వనిముద్రణ హక్కుదారు అనుమతి కావాలి. అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం అదే శబ్దాన్ని మరొకరు స్వతంత్రంగా వాయించి, అచ్చం అలాగే వినిపించేలా ముద్రిస్తే అది ధ్వనిముద్రణ హక్కు ఉల్లంఘన కిందకు రాదు. కేవలం ఒక లయ వరుసకు రచనగా రక్షణ లభించడమూ అరుదు. పాత నాదం పునఃసృష్టికి ఇంత గిరాకీ ఉండటానికి అభిమానం ఒక్కటే కారణం కాదన్నమాట. అసలును వాడితే రుసుము కట్టాలి. నకలుకు అక్కర్లేదు.

ఈ లెక్కలో డ్రమ్మర్‌కు దక్కేది ఏమిటన్నది వేరే ప్రశ్న. ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ డ్రమ్స్‌ను 1986లో బీస్టీ బాయ్స్ తమ తొలి ఆల్బమ్‌లోని తొలి పాటకు వాడుకున్నారు. అప్పటికి బోనమ్ మరణించి ఆరేళ్లయింది. ఆయన పేరు కనీసం రచయితల జాబితాలో ఉంది. జేమ్స్ బ్రౌన్ బృందంలో ‘ఫంకీ డ్రమ్మర్’ పాటకు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ పేరు అలాంటి జాబితాలో లేదు. ఆ పాటలోని కొన్ని సెకన్ల లయను వందలాది హిప్‌హాప్ పాటలు వాడుకున్నాయి. 2017లో మరణించే దాకా ఆయన ఈ అన్యాయాన్ని గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

వీరందరికంటే ఎక్కువగా అనుకరణకు గురైన డ్రమ్మర్ బహుశా గ్రెగరీ కోల్‌మన్. 1969లో వింస్టన్స్ అనే సోల్ బృందం ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్య గీతాన్ని ఒక చిన్న రికార్డు రెండవ వైపున ముద్రించింది. నడుమ మిగతా వాద్యాలు ఆగిపోగా నాలుగు ఆవర్తాల పాటు, ఏడు సెకన్ల లోపు, కోల్‌మన్ ఒక్కరే వాయించారు. ఇంగ్లండ్‌లో 1990లలో పుట్టిన జంగిల్, డ్రమ్ అండ్ బేస్ అనే సంగీత రీతులు దాదాపుగా ఆ ఏడు సెకన్ల మీదే నిలిచాయి. ఆ నాదాన్ని తిరిగి రాబట్టేందుకు ఏ స్నేర్‌ను ఏ శ్రుతిలో బిగించాలో చెప్పే పాఠాలు ఇప్పటికీ వెలువడుతున్నాయి. అప్పట్లో కోల్‌మన్‌కు గాని, పాట హక్కులున్న బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు గాని ఒక్క పెన్నీ ముట్టలేదు. 2015లో బ్రిటన్‌లోని కొందరు డీజేలు చందాలు పోగుచేసి సుమారు 24 వేల పౌండ్లు స్పెన్సర్‌కు అందజేశారు. కోల్‌మన్ అప్పటికి తొమ్మిదేళ్ల కిందటే, 2006లో కన్నుమూశారు.